అమ్ముడుపోని పుస్తకాలు, ఆగిపోయిన కథ

ప్రశ్న: మేడమ్ గారూ, నా కథల పుస్తకం సొంత డబ్బులతో 500 కాపీలు వేయించాను. ఆవిష్కరణ రోజు చుట్టాలు, స్నేహితులు కొన్నారు, ఆ తర్వాత షాపులో ఇచ్చినవి ఏమయ్యాయో తెలీదు. మిగతావి అట్టపెట్టెల్లో మంచం కింద ఉన్నాయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా అవే కనపడతాయి, ఇంక కొత్త కథ మొదలుపెట్టబుద్ధి కావట్లేదు. ఎవరి కోసం రాయాలి?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, ఆ పెట్టెల్ని చూసి కథలు బాలేవని మీకు మీరే తేల్చేసుకోకండి. బాలేదని చెప్పాలన్నా ఎవరో ఒకరు చదవాలి కదా, మీ పుస్తకం అసలు చదివేవాళ్ల చేతికే వెళ్లలేదు. తెలుగులో 500 కాపీలు అయిపోవడానికి ఏళ్లు పట్టడం మామూలే, బాగా పేరున్నవాళ్లకి కూడా. షాపువాళ్లు చాలాచోట్ల 40 శాతం దాకా కమిషన్ తీసుకుంటారు, వాళ్లకీ అద్దెలు, జీతాలు ఉంటాయి, అంటే 150 రూపాయల పుస్తకానికి మీ చేతికొచ్చేది 90, అందులో ప్రింటింగ్ ఖర్చు తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. అందుకే లాభం లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టి చదివించే పని చూడండి.

పుస్తకంలో మీ ఫోన్ నంబర్ వేశారా? వెయ్యకపోతే ఇప్పుడైనా లోపలి పేజీలో స్టాంపు కొట్టించండి. మన పాఠకులు నచ్చితే ఫోన్ చేస్తారు, ఎక్కడో పలాసలో ఒక రిటైర్డ్ మాస్టారు మధ్యాహ్నం పూట చేసి మీ కథలో అత్తగారి గురించి అరగంట మాట్లాడతారు చూడండి, ఆ రాత్రి మీరు కాగితం ముందు కూర్చోకుండా ఉండలేరు. పెద్ద రచయితలకి కాంప్లిమెంటరీ కాపీలు పంచడం మాత్రం ఆపేయండి, వాళ్ల ఇళ్లలో అలాంటివి గుట్టలుగా ఉంటాయి. దానికన్నా మీ ఊరి శాఖా గ్రంథాలయానికి, తెలిసిన తెలుగు టీచర్లకి ఇవ్వండి. దూరం వాళ్లకైతే పోస్టాఫీసులో తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపడానికి 2025 మేలో మొదలైన జ్ఞాన్ పోస్ట్ ఉంది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం, మీ కథల పుస్తకానికి వర్తిస్తుందో లేదో అక్కడే అడిగి చూడండి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి నలుగురు రచయితలు కలిసి ఒక స్టాల్ తీసుకోండి. అక్కడ చూడండి, మనిషి పుస్తకం తీసి ముందు వెనక్కి తిప్పి ధర చూస్తాడు, తర్వాత ఎక్కడో మధ్యలో తెరిచి నిలబడే చదువుతాడు. అప్పుడు మీరేం మాట్లాడకండి, పేజీ తిప్పాడంటే మీ వాక్యం పట్టుకుంది. ఆయన కొన్నా కొనకపోయినా ఎవరి కోసం రాయాలన్న మీ ప్రశ్నకి మనిషి ఎదురుగా కనపడతాడు.

ఈలోగా కొత్త కథ మొదలుపెట్టి ఏదైనా ఆదివారం అనుబంధానికి పంపండి. ఈసారి పుస్తకం వేస్తే డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలే వేయించండి, అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. ఆ పెట్టెలు కూడా మంచం కింద వద్దమ్మా, చెదలు పడతాయి, అటక మీదకి ఎక్కించండి.

ప్రశ్న: పుస్తకానికి ఐఎస్‌బీఎన్, అదే ఆ గుర్తింపు నంబరు, తీసుకుంటే సేల్స్ పెరుగుతాయా? ఒకాయన డబ్బులిస్తే ఇప్పిస్తానంటున్నారు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దానంతట అది ఒక్క కాపీ కూడా అమ్మదండీ, ఆన్‌లైన్ షాపుల్లో పెట్టాలన్నా లైబ్రరీలకి ఇవ్వాలన్నా పనికొస్తుంది. డబ్బులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మన దేశంలో అది ఉచితం, కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ సైట్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు.