గుణుపురం కొండరాయి, అంటార్కిటికా మంచు

ప్రశ్న: అంటార్కిటికాలో మన దేశానికి ‘మైత్రి’, ‘భారతి’ అనే కేంద్రాలు ఉన్నాయని మా అబ్బాయి చెప్పాడు. మనవాళ్లు అక్కడికి ఎప్పుడు వెళ్లారు? మా ఏజెన్సీ గ్రామాలకు ఇంకా సరైన దారి లేనప్పుడు, మనుషులే లేని మంచులో ఇళ్లు కట్టడం దేనికి? – ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మీ రెండో ప్రశ్నకు సగం జవాబు మీ కొండల్లోనే ఉంది కనుక ముందు అక్కడికే వెళ్దాం. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో రోడ్డు కోసం కొండను తొలిచిన చోట తుప్పు రంగు రాయి ఒకటి కనిపిస్తుంది. కొత్తగా పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూస్తే దానిమ్మ గింజల్లాంటి ఎర్రని గార్నెట్ పలుకులూ, వాటి మధ్య పీచులా సాగిన సిల్లిమనైటు అనే ఖనిజమూ కనిపిస్తాయి. కొన్ని ముక్కలను వేలితో రుద్దితే పెన్సిలు ముల్లు నలుపు అంటుకుంటుంది; అది గ్రాఫైటు. ఈ రాతికి ఖోండు గిరిజనుల పేరు మీదుగానే ఖోండలైటు అని పేరు పెట్టారు. కోణార్క ఆలయాన్ని కట్టింది కూడా ప్రధానంగా దీనితోనే.

తూర్పు కనుమల రాళ్లూ, తూర్పు అంటార్కిటికా తీరంలోని కొన్ని రాళ్లూ సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఒకే పర్వతశ్రేణి అడుగున కాగినవనీ, ఆ రెండు భూభాగాలు సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయనీ భూవిజ్ఞానులు చెబుతారు. మహానది లోయ, అంటార్కిటికాలో లాంబర్ట్ హిమానీనదం (నెమ్మదిగా కదిలే మంచునది) కింద ఉన్న పల్లం ఒకే పగులుకు చెందిన రెండు కొసలని వారి అభిప్రాయం. భారతి కేంద్రం ఉన్న లార్స్‌మన్ కొండలు ఆ హిమానీనదం సముద్రాన్ని చేరే వైపు తీరంలోనే ఉన్నాయి. మన కొండల పుట్టుక పూర్తిగా తెలియాలంటే ఆ రెండో ముక్కనూ చూడక తప్పదు.

ఇక చరిత్రకు వస్తే, అంటార్కిటికా ప్రస్తావనను ఐక్యరాజ్యసమితి ముందుకు తేవాలని భారత్ 1956లోనే ప్రయత్నించింది. అది ఫలించలేదు, 1959లో 12 దేశాలు మనం లేకుండానే అంటార్కిటికా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తరువాత పరమ్‌జిత్ సింగ్ సెహ్రా వంటి ఒకరిద్దరు ఇతర దేశాల బృందాలతో వెళ్లివచ్చినా, మన సొంత యాత్ర మాత్రం 1981 డిసెంబరు 6న గోవా నుంచి, నార్వే నౌక ‘పోలార్ సర్కిల్’ మీద బయలుదేరింది. సముద్ర శాస్త్రవేత్త సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో 21 మంది 1982 జనవరి 9న అక్కడ దిగారు. 1983లో మనం కూడా ఆ ఒప్పందంలో చేరి, అదే ఏడాది దాని నిర్ణయాల్లో ఓటున్న సభ్యులమయ్యాము.

మూడో యాత్రకు నాయకత్వం వహించిన హర్ష్ గుప్తా, తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. ఆ యాత్రలోనే ‘దక్షిణ గంగోత్రి’ని నిర్మించారు. దాన్ని సముద్రం మీద తేలే మంచు పలకపై కట్టారు. ప్రతి ఏటా కురిసిన మంచు గోడల చుట్టూ, పైన పేరుకుపోతూ ఉండటంతో కట్టడం క్రమంగా కిందికి కూరుకుపోయి, 1990లో దాన్ని వదిలేయవలసి వచ్చింది. నా దృష్టిలో మన ధ్రువ పరిశోధనకు గొప్ప పాఠం నేర్పింది ఆ వైఫల్యమే. 1989లో సిద్ధమైన మైత్రిని మంచు మీద కాక షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద, ఒక మంచినీటి చెరువు పక్కన కట్టారు. అది ఈనాటికీ పనిచేస్తోంది. 2012లో ప్రారంభమైన భారతిని 134 సరుకు రవాణా కంటైనర్లతో కూర్చారు. ఉత్తర ధ్రువం వైపు నార్వే దీవుల్లో 2008 నుంచి ‘హిమాద్రి’ కూడా ఉంది.

దారుల గురించి మీ బాధ న్యాయమైనదే. అయితే ఈ ఖర్చు ఆపితే ఆ డబ్బు మీ ఊరి దారికి వస్తుందనే లెక్క నాకు నమ్మకంగా తోచదు. మీ రెండో ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇక్కడుంది: ధ్రువాల మీదుగా తిరుగుతూ పైనుంచి భూమిని పరిశీలించే దూరగ్రాహక ఉపగ్రహాలు రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టివస్తే, వాటి సమాచారాన్ని అందుకునే హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్ కేంద్రానికి అందులో కొన్ని చుట్లే అందుతాయి. ధ్రువానికి దగ్గరగా ఉన్న భారతికి చాలా ఎక్కువ అందుతాయి. అక్కడ అందుకున్న సమాచారం షాద్‌నగర్‌కు చేరుతుంది. ఆ పనిమీదే మంగళా మణి అనే ఇస్రో ఉద్యోగిని యాభై దాటిన వయసులో 403 రోజులు భారతిలో గడిపారు.

ప్రశ్న: మా కొండల్లో బాక్సైటు తవ్వినట్లే రేపు అంటార్కిటికాలోనూ తవ్వుతారా? 2048లో నిషేధం తీరిపోతుందని విన్నాను. – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తీరిపోదు. 1991లో మాడ్రిడ్‌లో కుదిరి 1998లో అమలులోకి వచ్చిన, అంటార్కిటికా ఒప్పందపు అనుబంధ ఒడంబడిక అక్కడ గనుల పనిని నిషేధించింది. దానికి గడువు తేదీ లేదు. 2048 తరువాత, ఓటున్న ఏ దేశమైనా సమీక్ష సమావేశం కోరవచ్చునని మాత్రమే అందులో ఉంది. అప్పుడు కూడా నిషేధం ఎత్తివేయడానికి షరతులు చాలా కఠినం. మన పార్లమెంటు 2022లో చేసిన భారత అంటార్కిటికా చట్టం ప్రకారం, శాస్త్ర పరిశోధనకు అనుమతిపత్రం ఉంటే తప్ప అక్కడ తవ్వడం గాని, ఖనిజాలు సేకరించడం గాని కుదరదు. అందువల్ల లార్స్‌మన్ కొండల్లో గార్నెట్ పలుకుల రాయి ముచ్చటగా కనిపించినా, జ్ఞాపకంగా జేబులో వేసుకొచ్చేందుకు వీలు లేదు.