సమాధానం: నూక్ మీటింగ్ గంట తేడా ఎందుకు వస్తోంది

మీరు చెప్పినట్టు హైదరాబాద్ క్యాలెండర్ సాయంత్రం 4:30 చూపిస్తూ, నూక్ (గ్రీన్‌లాండ్ రాజధాని) వాళ్లు 3:30కే లైన్‌లోకి వస్తుంటే, తప్పు వాళ్లది కాదండీ. మీ సిస్టమ్‌లో గ్రీన్‌లాండ్ టైమ్‌జోన్ డేటా, అంటే ఏ ఊళ్లో గడియారం ఎప్పుడు ఎంత మారుతుందో చెప్పే పట్టిక, పాతది.

2023 మార్చిలో గడియారం ముందుకు జరిపిన నూక్, ఆ అక్టోబర్‌లో వెనక్కి తిప్పలేదు. అందుకే ఇప్పుడు శీతాకాలంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మైనస్ 2, వేసవిలో గడియారం ఇంకో గంట ముందుకు జరుపుతారు కాబట్టి మైనస్ 1. మనకు తేడా చలికాలం ఏడున్నర గంటలు, వేసవిలో ఆరున్నర. పాత డేటా వేసవికీ మైనస్ 2 అనే లెక్కేస్తుంది.

టైమ్‌జోన్ డేటా 2023డి (2023d) వెర్షన్ లేదా ఆ తర్వాతిది వేయండి. జావా సర్వర్ అయితే జావాకు తన సొంత టైమ్‌జోన్ డేటా ఉంటుంది, దానికి విడిగా వేయాలి, చాలామంది మరిచేది ఇదే. తర్వాత పాత రిపీట్ మీటింగ్‌ను తీసేసి, నూక్ జోన్‌లోనే కొత్తగా పెట్టండి.

మార్చిలో గడియారం ముందుకు జరిపే మార్పు నూక్‌లో శనివారం రాత్రి 11కే జరుగుతుంది, ఆదివారం కాదు.

గ్రీన్‌లాండ్‌లోనే ఉన్న ఇలులిసాట్ ఊళ్లో అర్ధరాత్రి సూర్యుడి ఫొటో గురించి అడిగారు కదా: గడియారం ఇలా ముందుకు జరిగినందువల్ల జూన్‌లో సూర్యుడు అన్నిటికన్నా కిందికి దిగేది 12కు కాదు, దాదాపు 2:25కి. అలారం దానికి పెట్టుకోండి.