నోటి దుర్వాసన: కడుపు సంగతి తర్వాత, ముందు చిగుళ్లు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 52. ఖమ్మంలో బట్టల షాపు నడుపుతున్నాను. ఎనిమిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, అమ్లోడిపిన్ వాడుతున్నాను. తుమ్ములు ఎక్కువని రెండేళ్లుగా రోజూ రాత్రి సెట్రిజిన్ కూడా వేసుకుంటున్నాను. ఏడాదిగా నోటి నుంచి దుర్వాసన వస్తోంది. మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియనే లేదు. ఇప్పుడు కస్టమర్లతో మాట్లాడాలంటేనే టెన్షన్. గంటకోసారి సోంపు నములుతున్నాను. అర్ధరాత్రి నాలుక పిడచకట్టుకుపోయి మెలకువ వస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని పైపైనే బ్రష్ చేసుకుంటున్నాను. గ్యాస్ వల్లేనని ఎవరో అంటే ఆరు నెలలు గ్యాస్ మాత్రలు మింగినా తగ్గలేదు. ఎండోస్కోపీ చేయించుకోవాలా? పళ్లు క్లీనింగ్ చేయిస్తే వదులవుతాయంటారు, నిజమేనా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఎండోస్కోపీకి ఇప్పుడు తొందరేమీ లేదు. నోటి దుర్వాసన చాలామందిలో నోట్లోనే పుడుతుంది. తేన్పు వచ్చినప్పుడు తప్ప కడుపులోని వాసన పైకి రాదు, ఆహారనాళం మామూలుగా మూసుకునే ఉంటుంది. మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, తరచూ గుండెల్లో మంటగా ఉన్నా అప్పుడు కడుపు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మీ ఉత్తరంలో అవేవీ లేవు. ఉన్నది వేరే. ‘రక్తం వస్తోందని పైపైనే బ్రష్ చేసుకుంటున్నాను’ అన్నారు చూడండి, నా కన్ను అక్కడ ఆగింది.

బ్రష్ తగిలినందుకు రక్తం రావడం లేదు. చిగుళ్లు వాచి ఉన్నాయి కాబట్టి వస్తోంది. పంటికీ చిగురుకూ మధ్య పాచి చేరి, కొన్నాళ్లకు గట్టిపడి గారగా మారుతుంది. దాన్ని పట్టుకుని చిగురు వాస్తుంది, మెల్లగా పంటి నుంచి విడిపోయి జేబులా తయారవుతుంది. గాలి తగలని ఆ జేబులో బతికే బ్యాక్టీరియా ఆహారపు తునకలనీ రక్తాన్నీ కుళ్లబెట్టి గంధకం ఉన్న వాయువులను వదులుతాయి. వాటిలో ఒకటి కుళ్లిన కోడిగుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడే. కావాలంటే ఈ రాత్రి ఒక పని చేయండి. డెంటల్ ఫ్లాస్ దారాన్ని చివరి దవడ పళ్ల మధ్య ఓసారి లాగి, ఆ దారాన్ని వాసన చూడండి. కడుపు మీద అనుమానం అక్కడే పోతుంది. రక్తానికి భయపడి మీరు వదిలేస్తున్న చోటే పాచి పెరుగుతోంది.

ఇక నోరు ఎండిపోవడం. నోటిని కడిగి శుభ్రం చేసేది లాలాజలమే. నిద్రలో అది మామూలుగానే బాగా తగ్గిపోతుంది. దాని మీద మీరు సెట్రిజిన్ వేసుకుంటున్నారు. అలర్జీ మాత్రలు నోటిని ఎండబెడతాయి. తుమ్ములున్నాయి కాబట్టి ముక్కు దిబ్బడ వేసి నోటితో గాలి పీలుస్తున్నారేమో కూడా చూసుకోవాలి. షుగర్ అదుపులో లేకపోతే మూత్రం ఎక్కువగా పోయి నోరు మరింత ఎండుతుంది. రెండేళ్లు ఆగకుండా సెట్రిజిన్ అవసరమా, బదులుగా ముక్కులో కొట్టుకునే స్ప్రే సరిపోతుందా అని మీ డాక్టర్‌ను అడగండి. అమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు పెరుగుతాయి, అది కూడా ఆయన చెవిన వేయండి. మీ అంతట మీరు బీపీ మాత్ర మానేయొద్దు, పక్షవాతంతో పోలిస్తే చిగుళ్ల వాపు చిన్న విషయం. సోంపు తినండి కానీ చక్కెర పూత వేసిన రంగురంగుల సోంపు వద్దు. లాలాజలం తక్కువగా ఉన్న నోట్లో తీపి పడితే పళ్లు త్వరగా పుచ్చుతాయి. పైగా మీకు షుగర్. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం కాస్త ఊరుతుంది.

షుగర్‌కూ చిగుళ్లకూ రెండు వైపులా లంకె ఉంది. షుగర్ పెరిగితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ ఓ పట్టాన దిగిరాదు. చిగుళ్లకు వైద్యం చేయించుకున్నవారిలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కొద్దిగా తగ్గుతుంది. మందులు మానేసేంత కాదు లెండి. ఆ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే చేయించుకుని, రిపోర్టు పట్టుకునే దంత వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పెరియోడాంటిస్ట్ అని చిగుళ్లకే ప్రత్యేకంగా డాక్టర్లుంటారు, దొరికితే వారికే చూపించుకోవడం మేలు.

క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయన్న మాట నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది అంటారు. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. కింది ముందు పళ్ల వెనక గార ఒక్కోసారి సిమెంటు పూసినట్టు పళ్లన్నిటినీ కలిపి పట్టేస్తుంది. లోపల ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది. గార తీయగానే సందులు బయటపడతాయి, పన్ను కదులుతుంది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. నింద క్లీనింగ్ మీద పడుతుంది. అందుకే నేను పేషెంట్ చేతికి అద్దమిచ్చి, సన్నటి కొలత పుల్లను చిగురు పక్కన దించి చూపిస్తాను. ఆరోగ్యంగా ఉంటే 3 మిల్లీమీటర్లకు మించి దిగదు. అయిదో ఆరో దిగితే మామూలు క్లీనింగ్ చాలదు. మత్తిచ్చి వేరు దాకా శుభ్రం చేయాలి, రెండు మూడు సిట్టింగులు పట్టొచ్చు. జివ్వుమనడం కొద్ది రోజుల్లో తగ్గుతుంది. వెళ్లే రోజు టిఫిన్, మాత్రలు మానకండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంట్లో మెత్తటి బ్రష్ వాడండి. చిగురు అంచు మీద కాస్త వాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపాలి, రెండు నిమిషాలు. ఉదయం కుదరకపోయినా రాత్రి మాత్రం తప్పొద్దు. మొదటి వారం రక్తం వస్తుంది, ఆపకండి. సందుల్లోకి వెళ్లే బుల్లి బ్రష్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి, ఏ సైజో డాక్టర్ చూసి చెబుతారు. వేపపుల్ల వద్దనను, కానీ వెనక పళ్ల సందుల్లోకి అది వెళ్లదు. బొగ్గుపొడి, గరుకు ఉప్పు మాత్రం వద్దు, పంటిని అరగదీస్తాయి. నాలుక బద్దతో కొన మీద కాదు, వెనక భాగంలో గీయాలి. వాసన ఎక్కువగా పేరుకునేది అక్కడే. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ రాస్తే రెండు వారాలు వాడండి, పేస్టు వాడాక అరగంట ఆగి పుక్కిలించాలి. నెలల తరబడి వాడితే పళ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి కూడా మారుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన వస్తూ, వాంతులు, ఆయాసం ఉంటే అది చిగుళ్లది కాదు. షుగర్ ప్రమాదకర స్థాయికి వెళ్లిందేమో అనుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

వైద్యం అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు డాక్టర్ మళ్లీ ఆ జేబుల లోతు కొలుస్తారు. వాసన తగ్గిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం అరచేతిలోకి ఊది చూసుకోకండి, మన నోటి వాసనకు మన ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. మొదట చెప్పిన మీ ఆవిడనే అడగండి.