మా అమ్మాయి మిషన్‌తో కలిసి బొమ్మలు గీస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఆర్డునో (ప్రోగ్రాం ఎక్కించే చిన్న సర్క్యూట్ బోర్డు), రెండు మోటార్లు పెట్టి పెన్నుతో గీసే ప్లాటర్ చేసింది. కాగితం మీద సగం బొమ్మ తను గీస్తుంది, మిగతాది మిషన్ గీస్తుంది. ఎంసెట్ వద్దు, ఇదే చదువుతానంటోంది. ఇది చదువేనా? ఇంట్లో అందరికీ టెన్షన్.

జవాబు: చదువే. కాకపోతే ఈ పేరుతో డిగ్రీ లేదు, మీ చిక్కంతా అక్కడే.

పని మాత్రం కొత్తది కాదు. హెరాల్డ్ కోహెన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1966లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో తన దేశం తరఫున బొమ్మలు పెట్టాడు. అంత పేరొచ్చాక కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 1970ల్లో ఆరన్ అనే ప్రోగ్రాం రాశాడు. గీతలు మిషన్‌వి, చాలా ఏళ్లు రంగులు మాత్రం ఆయనే చేత్తో అద్దేవాడు. 2016లో పోయేదాకా ఆ పని వదల్లేదు. కెనడాలో పెరిగిన సౌగ్వెన్ చుంగ్ 2015 నుంచి రోబో చెయ్యితో కలిసి ఒకే కాగితం మీద గీస్తున్నారు. మొదటి రోబో కెమెరాతో చూసి అనుకరించేది. తర్వాతి దానికి చుంగ్ పాత బొమ్మలే పాఠాలు. ఇద్దరికీ ముందు చెయ్యి తిరిగింది, మిషన్ తర్వాత వచ్చింది.

అందుకే నేనడిగేది మిషన్ గురించి కాదు. మీ అమ్మాయి గీసిన ఆ సగం ఎలా ఉంది? ప్లాటర్ ఆపేసి రోజూ అరగంట పెన్సిల్ పడుతుందా? డిజైన్ డిగ్రీ సీట్ల కోసం ఐఐటీ బాంబే నిర్వహించే ప్రవేశపరీక్ష యూసీడ్‌లో చేత్తో బొమ్మ గీయాల్సిన ప్రశ్న ఉంటుంది, హాల్లోకి ప్లాటర్‌ను రానివ్వరు మరి! ఆ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ) చేయొచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు కానీ, వరస ఏళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) వాళ్ల ప్రవేశపరీక్ష డాట్ కూడా రాయించండి. ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక ఎన్‌ఐడీ ఉంది.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) మానిపించొద్దు. బీటెక్‌లో చేరినా, తర్వాత సీడ్ అనే ప్రవేశపరీక్ష రాసి ఎండిజైన్‌కు (డిజైన్‌లో పీజీ) వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఇక సంపాదన సంగతి. బొమ్మలు అమ్ముకుని బతకడం కష్టమే, దాచను. కానీ గీయడం, కోడింగ్, మోటార్లు మూడూ తెలిసినవాళ్లకు ప్రొడక్ట్ డిజైన్‌లో, ఇంటరాక్షన్ డిజైన్‌లో (మనుషులు యాప్‌లను, పరికరాలను వాడే తీరును రూపొందించడం), మ్యూజియం ప్రదర్శనల్లో పని ఉంటుంది.

ఒక్కటి ఇవాళే చెప్పండి: పెన్ను గీరుకుపోయి చిరిగిన కాగితాలు పారేయొద్దని. తేదీ వేసి, ఎక్కడ తప్పిందో పక్కన రాసుకుంటే అదే పోర్ట్‌ఫోలియో, అంటే తన పని చూపించే ఫైలు. ముందుముందు ఎక్కడైనా ఇంటర్వ్యూ ఉంటే, అందమైన బొమ్మ కంటే వాటి మీదే ఎక్కువ ప్రశ్నలు రావొచ్చు.