డిప్రెషన్ మందు మొదలుపెడితే చనిపోవాలనే ఆలోచనలు పెరుగుతాయా?

మీ తమ్ముడికి ఇరవై ఏళ్లు, డాక్టరు డిప్రెషన్‌కి మందు రాశారు, ప్యాకెట్‌లోని హెచ్చరిక చదివాక ఇంట్లో అందరూ భయపడి ఇంకా మొదలుపెట్టలేదు అన్నారు. ఆ హెచ్చరిక నిజమే. అయితే అది మందు వద్దనడం లేదు, మొదట్లో మనిషిని కనిపెట్టుకుని ఉండమంటోంది.

మందులను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఈ హెచ్చరిక పెట్టించింది. పిల్లలు, టీనేజర్లపై జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, మందు వాడినవాళ్లలో నూటికి దాదాపు నలుగురిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఇద్దరిలో ఆత్మహత్య ఆలోచనలో, ప్రయత్నాలో కనిపించాయి. ఆ పరీక్షల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వయసు వరకూ పొడిగించారు. ఆ వయసు దాటినవాళ్లలో పెరుగుదల కనిపించలేదు, 65 పైబడినవాళ్లలోనైతే తగ్గింది కూడా. మీ తమ్ముడిది జాగ్రత్త అవసరమైన వయసే. కానీ వైద్యం లేకుండా వదిలేసిన డిప్రెషన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నాకు బాధ కలిగించేది అదే.

నేనూ ఈ మందులు వాడినదాన్నే. మనసు తేలికపడటానికి వారాలు పట్టింది, ఇబ్బందులు మాత్రం ముందే వచ్చేశాయి. కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. కూర్చుంటే కాళ్లు ఊరుకునేవి కావు, లేచి తిరిగినా లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టే ఉండేది. జబ్బు ముదిరిందనుకున్నాను. పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం మా అక్క గమనించింది. ఆ సాయంత్రమే డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన డోసు తగ్గించి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ వెళ్లారు. ఆ కుదురులేనితనం తగ్గిపోయింది. దాన్ని అకతీసియా అంటారు. అసలే నిరాశలో ఉన్న మనిషికి అది తోడైతే ప్రమాదం, అందుకే ఆలస్యం చేయకూడదు.

ఆ రాత్రి అక్క నన్ను సూటిగా అడిగింది, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. అడిగినంత మాత్రాన అలా జరగదు. నాకైతే అవునని చెప్పడానికి ఒక మనిషి దొరికింది, అంతే. అప్పట్నించి మందులు తన దగ్గరే పెట్టుకుని ఏ రోజుకి ఆ రోజు ఇచ్చేది.

మీ తమ్ముడు ఎప్పుడైనా కొన్నాళ్లపాటు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా ఉన్నాడా, మీ ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు డిప్రెషన్ వచ్చే జబ్బు) ఉందా, ఇవి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వైద్యమే మారిపోవచ్చు. మందు మొదలుపెట్టాక, డోసు మార్చినప్పుడల్లా చిరాకు, ఆందోళన, నిద్ర ఎలా ఉన్నాయో చూస్తుండండి. తేడాగా అనిపిస్తే మీ అంతట మీరు ఆపేయకండి, కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే తల తిరగడం, టెన్షన్ ఎక్కువవుతాయి. ఆ రోజే డాక్టరుకి చెప్పండి. చనిపోతానని అన్నా, దానికి ఏర్పాట్లు చేసుకుంటున్నట్టు అనిపించినా క్షణం కూడా ఒంటరిగా వదలకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ముందుగా మందు రాసిన డాక్టరుకే ఫోన్ చేసి మీ భయం చెప్పండి, మొదలుపెట్టిన వారంలోనే ఒకసారి చూస్తారా అని అడగండి.