కంప్యూటర్ సందేహాలు: పింగ్ వెళ్తుంది, లాగిన్ మాత్రం కాదు

ప్రశ్న: మా పల్లెకు కేబుల్ నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీదే ఇంటి నుంచి పని. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి వేసే వైర్‌గార్డ్ వీపీఎన్ కనెక్ట్ అవుతుంది, సర్వర్ పలుకుతుందో లేదో చూసే పింగ్ కూడా వెళ్తుంది. సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం పాస్‌వర్డ్ అడగకముందే ఆగిపోతుంది. చిత్తూరులో అక్కావాళ్లింట్లో ఫైబర్ మీద ఇదే లాప్‌టాప్ బాగానే పనిచేస్తోంది. స్పీడు చాలకేనా?
- ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: స్పీడు కాదండీ. నెట్ నెమ్మదిగా ఉంటే లాగిన్ ఆలస్యమవుతుంది, మీకు అసలే కావడం లేదు. చిన్న ప్యాకెట్లు (డేటా మూటలు) దాటుతున్నాయి, పెద్దవి దారిలో పోతున్నాయి. మామూలు పింగ్ వంద బైట్లు కూడా ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదట జరిగే రహస్య కీల (సంభాషణకు తాళం వేసే కోడ్‌ల) మార్పిడికే ప్యాకెట్ నిండిపోతుంది. 2022 నాటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఆ కీలు ఇంకా పెద్దవయ్యాయి. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు మైనస్ వి చేర్చి చూడండి. 'కెక్స్ ఈసీడీహెచ్ రిప్లై' కోసం చూస్తున్నానని చెప్పి అక్కడే ఆగితే, తప్పు ఇదేనని దాదాపు ఖాయం.

వైర్‌గార్డ్ సాధారణంగా 1420 బైట్ల ప్యాకెట్ తీసుకుని, ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి) మీద మరో 60 బైట్లు చేరుస్తుంది. మొత్తం 1480. మొబైల్ దారి అంతకన్నా ఇరుకైతే ప్యాకెట్‌ను ముక్కలు చేయాలి. ఆ ముక్కల్ని మధ్యలో ఏ ఫైర్‌వాలో పారేస్తే ఇటూ అటూ ఎవరికీ తెలియదు. పంపిన కంప్యూటర్ అదే సైజు ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. అందుకే ఎర్రర్ కూడా రాదు. టైమౌట్ పెంచమని ఎవరు చెప్పినా వినకండి, ఎదురుచూపు పెరుగుతుందే తప్ప ప్యాకెట్ చిన్నదవదు.

వీపీఎన్ ఆపి, హాట్‌స్పాట్ మీదే కొలవండి. వీపీఎన్ సర్వర్ పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో దాని అడ్రస్) మామూలు పింగ్‌కు బదులిస్తుందో లేదో ముందు చూసుకోండి. ఇస్తే, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్, మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1472, చివర ఆ ఐపీ కొట్టండి. ముక్కలు చేయొద్దని చెప్పేది ఆ మైనస్ ఎఫ్. ఫ్రాగ్మెంట్ చేయాలన్న మెసేజ్ వచ్చినా, 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వచ్చినా దాటనట్టే. పదేసి తగ్గిస్తూ పోండి. 1392 దగ్గర బదులొచ్చిందనుకుందాం. హెడర్ల (ప్యాకెట్ మీది చిరునామా వివరాల) 28 కలిపితే 1420, అందులో వైర్‌గార్డ్ 60 తీసేస్తే 1360. వైర్‌గార్డ్‌లో టన్నెల్ (మీ వీపీఎన్ కనెక్షన్) ఎడిట్ చేసి, ఇంటర్‌ఫేస్ భాగంలో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1360 అని రాసి, ఆపి మళ్లీ ఆన్ చేయండి.

ఆఫీసువాళ్లను బతిమాలే పని లేదు. కనెక్షన్ మొదట్లోనే మీ లాప్‌టాప్, 1320 బైట్లకు మించిన డేటా ముక్క పంపొద్దని సర్వర్‌కు చెబుతుంది (1360లో ఐపీ, టీసీపీ హెడర్లు 40 పోగా). అటునుంచి వచ్చేవీ చిన్నవైపోతాయి.

సర్వర్ పింగ్‌కు బదులివ్వకపోతే, లేదా ఐపీవీ6 (కొత్త తరహా అడ్రసుల పద్ధతి) మీద కనెక్ట్ అవుతుంటే, నేరుగా 1280 పెట్టేయండి. తగ్గే వేగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అంతకన్నా కిందికి దించితే టన్నెల్‌లో ఐపీవీ6 నడవదు.

ప్రశ్న: నాకు లాగిన్ అవుతుంది. కాసేపు ముట్టుకోకపోతే మాత్రం ఎస్‌ఎస్‌హెచ్ విండోలో ఏం కొట్టినా కదలదు. వీపీఎన్ లేదు.
- ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఇది వేరే జబ్బు. ఊరికే ఉన్న కనెక్షన్‌ను మొబైల్ నెట్‌వర్క్‌లోని నాట్ (ఒకే ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) తన పట్టికలోంచి తీసేస్తోంది. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 30 అని రాయండి, 30 సెకన్లకోసారి సర్వర్‌ను పలకరిస్తుంది. సర్వర్‌అలైవ్‌కౌంట్‌మ్యాక్స్ మామూలుగా 3, అంటే దాదాపు 90 సెకన్లు బదులు లేకపోతే తెంచేస్తుంది. సిగ్నల్ వస్తూ పోతూ ఉండేచోట ఈ కౌంట్‌మ్యాక్స్‌ను 10 చేయండి. వైర్‌గార్డ్ వాడేవారు టన్నెల్ ఎడిట్ చేసి పీర్ భాగంలో పర్సిస్టెంట్‌కీప్‌అలైవ్ 25 పెడితే సరిపోతుంది.