రెజ్యూమె పంపే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నీ మీదే ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అరవై చోట్ల అప్లై చేశానన్నావు, ఒక్కరూ పిలవలేదన్నావు. ఒకే రెజ్యూమె అరవై మందికి పంపితే ఎవరికీ పంపనట్టే. పది స్టార్టప్‌లు ఎంచుకో. వాళ్ల యాప్ నాలుగు రోజులు వాడు. అందులో నీకు తట్టిన ఒక ఇబ్బందిని రెండు వాక్యాల్లో వాళ్లకు రాయి. మీ కాలేజీ సీనియర్ ఎవరైనా అక్కడుంటే రిఫరల్ అడుగు, అంటే నీ పేరు సిఫారసు చేయమను. రాయదుర్గం టీ-హబ్‌లో స్టార్టప్ వాళ్ల సమావేశాలు జరుగుతుంటాయి. బయటివాళ్లను రానిచ్చేవి చూసుకుని వెళ్లు. మొహమాటపడకు.

ఇక ప్రాజెక్టుల సంగతి. అమీర్‌పేట కోచింగ్‌ని నేను తక్కువ చేయను, మైత్రీవనంలో జావా నేర్చుకునే ఈ స్థాయికి వచ్చాను. కానీ బ్యాచ్ మొత్తానికీ ఇచ్చిన ప్రాజెక్టు నీ రెజ్యూమెలో పెట్టకు. ఇంటర్వ్యూ చేసే మేం ఇట్టే పసిగడతాం.

ఆ మధ్య ఒకమ్మాయిని ఇంటర్వ్యూ చేశాను. ఒక్కటే ప్రాజెక్టు. వాళ్ల నాన్నగారి కిరాణా కొట్టులో అరువు ఖాతాలు రాసే యాప్. "ఇందులో ఏం చెడింది?" అని అడిగాను. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు నాన్న 'సేవ్' రెండుసార్లు నొక్కేవారట, ఒకే పద్దు రెండుసార్లు ఎక్కేదట. ఒకావిడ బాకీ తప్పు చూపిస్తోందని కొట్టు ముందు గొడవపడిందట. అప్పుడు ఫోన్‌లోనే ప్రతి పద్దుకీ ఒక ప్రత్యేక ఐడీ ఇచ్చి, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ రెండోసారి రాయకుండా చేసింది. అది చెబుతున్నప్పుడు ఆ పిల్ల కళ్లు చూడాలి! ఆ రోజే తీసుకుందామన్నాను. నీ ప్రాజెక్టులోనూ అలా నిన్ను ఏడిపించిన బగ్ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని దాచకు, అదే చెప్పు.

కోడింగ్ రౌండ్‌లో ప్రశ్న వినగానే టైప్ చేయడం మొదలుపెట్టకు. ఇన్‌పుట్ ఖాళీగా రావచ్చా, ఎంత పెద్దది రావచ్చు అని ముందు అడుగు. ఆలోచిస్తున్నది పైకి చెప్పు. తెలుగు మీడియం ఇంగ్లీషని భయపడకు, చిన్న చిన్న వాక్యాలు చాలు. తెలియకపోతే తెలియదను, తర్వాత ఎలా కనుక్కుంటావో చెప్పు. ఇంటికిచ్చే అసైన్‌మెంట్‌కి ఏఐ సాయం తీసుకోవచ్చో లేదో ముందే అడుగు. ఒప్పుకున్నా సరే, అర్థం కాని లైను ఒక్కటి కూడా ఉంచకు.

ఆఫర్ వస్తే సీటీసీ, అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చూసి మురిసిపోకు. చేతికెంత, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ ఎంత, పీఎఫ్‌లో కంపెనీ వాటా కూడా అందులోనే కలిపారా అని అడుగు. ఈసాప్స్, అంటే కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, ఇస్తామంటే షరతులు చదువు. మామూలుగా నాలుగేళ్లలో విడతలుగా చేతికొస్తాయి, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రాదు. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందని ఫౌండర్‌ని మర్యాదగా అడుగు, తప్పేం లేదు. డిపాజిట్ కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమన్నా లేచి వచ్చెయ్. నా మొదటి ఉద్యోగంలో సర్టిఫికెట్లు ఇచ్చి, తిరిగి తీసుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాను. ఆ అవస్థ నీకొద్దు.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. అత్తయ్య గుత్తి వంకాయ చేస్తానంది. తిన్నాక గంటసేపు నువ్వెవరో తెలియనివాడిలా నిన్ను ఇంటర్వ్యూ చేస్తాను. ఆ బగ్ కథతోనే మొదలుపెడదాం.

మీ మావయ్య